మూడో బెల్టు

మాడిన రబ్బరు వాసన వంటగది దాకా వచ్చేసరికి అత్తగారు పొయ్యి మీద ఏమైనా పెట్టి మరిచిపోయానేమోనని రెండుసార్లు చూసుకుంది. ఏమీ లేదు. అప్పుడు వెనకగది వైపు చూసి, కిటికీ తలుపులు బార్లా తెరిచింది. ఆ వాసన ఈ ఇంటికి కొత్త కాదు. ఆరు నెలల్లో ఇది మూడోసారి.

వెనకగదిలో కోడలు వాషింగ్ మెషీన్ ముందు నిలబడి ఉంది. లోపల మోటారు గుయ్యిమంటోంది, డ్రమ్ము మాత్రం కదలడం లేదు. గాజు తలుపు వెనక ఇరవై నాలుగు తెల్లదుప్పట్లు సబ్బునీళ్ళలో మునిగి, ఈ గొడవతో తమకేం సంబంధం లేనట్టు పడి ఉన్నాయి. ఆమె స్విచ్చి కట్టేసింది. ఇల్లంతా ఒక్కసారి సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో భర్త చెప్పుల చప్పుడు దగ్గరవడం స్పష్టంగా వినిపించింది.

"ఆగిందా?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"బెల్టు పోయినట్టుంది."

"నేనడిగింది అది కాదు. ఆగిందా, లేదా?"

ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. ఆగిందని చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పోయిన ఆదివారం ఇదే గుమ్మంలో, అమ్మానాన్నల ఎదుట, అతను తేల్చి చెప్పాడు. ఎక్కువ కుక్కుతున్నావు, ఇంకొక్కసారి ఈ మెషీన్ ఆగితే దాన్ని పాత ఇనుముకి వేసేస్తాను, దాంతోపాటు ఈ దుప్పట్ల ఉతుకుడూ బంద్. ఆమె సరేనంది. అనకపోతే ఆ పూట గొడవ తెమిలేది కాదు. గొడవ తెమలడానికి అన్న మాట ఇంత తొందరగా మెడకి చుట్టుకుంటుందని ఎవరనుకుంటారు.

"సరేనన్నావు," అని గుర్తుచేశాడు.

"అన్నాను. సాయంత్రం ఆరింటికి నర్సింగ్ హోమ్ వ్యాన్ వస్తుందండీ. రేపు పొద్దున్నే వాళ్ళకి ఆపరేషన్లున్నాయి. ఈ ఒక్కరోజూ గడవనివ్వండి."

"పోయినసారీ ఒక్కరోజే అన్నావు. దానిముందూ ఒక్కరోజే."

నర్సింగ్ హోమ్ మేట్రన్ ఉదయమే ఫోన్ చేసింది. రెండుసార్లు ఆలస్యమైంది కదమ్మా, మూడోసారి నేను ఊరుకున్నా మా డాక్టరుగారు ఊరుకోరు, వేరేవాళ్ళని చూసుకోమంటారు, అని మెత్తగానే చెప్పింది. గట్టిగా అరిచేవాళ్ళతో భయం లేదు. మెత్తగా చెప్పేవాళ్ళు అన్నంత పనీ చేస్తారు.

నాలుగేళ్ళ కిందట మూతపడిన హాస్టల్ నుంచి ఈ భారీ మెషీన్ తెచ్చుకుని, నర్సింగ్ హోమ్ దుప్పట్లు ఉతకడం మొదలుపెట్టినప్పటి నుంచీ వీధిలో ఆమెను దుప్పట్లమ్మ అంటున్నారు. ఆ పేరు వింటే భర్తకి ఒళ్ళు మండుతుంది. ఆమెకి మాత్రం లోపలెక్కడో బాగుంటుంది. అంతకుముందు ఆమె మేస్త్రిగారి కోడలు, గుమాస్తాగారి భార్య. సొంతంగా ఒక పేరు రావడం ఇదే మొదలు. ఆ పేరు ఈ సాయంత్రం దాకా ఉంటుందో లేదో ఇప్పుడు తెలియదు.

"నాన్నా, నువ్వు చెప్పు," అన్నాడు భర్త పెరట్లోకి తిరిగి.

పెరట్లో రేకుల షెడ్డు. షెడ్డులో లేత్, ఇనుప ముక్కని గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం. షెడ్డు గుమ్మం ముందు స్టూలు మీద మామగారు. నలభై ఏళ్ళు వర్క్‌షాపులో లేత్ మీద ఇనుమును వెన్నలా చెక్కిన మనిషి, అందరికీ మేస్త్రి. రిటైరయ్యాక పాత లేత్ ఒకటి కొనుక్కుని పెరట్లో పెట్టుకున్నాడు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు, కొడుకుతో సహా. మెషీన్ మోటారుకుండే చిన్న పుల్లీ ఆరు నెలల కిందట పగిలిపోతే, ఆ మోడల్ విడిభాగాలు ఎక్కడా దొరక్కపోతే, ఈ షెడ్డులోనే కొత్త పుల్లీ చేసి బిగించింది ఆయనే. ఇనుము సంగతుల్లో ఆయన చెప్పిందే ఈ ఇంట్లో తీర్పు.

"ఏం చెప్పను," అన్నాడు ఆయన నేలకేసి చూస్తూ. "లోడు ఎక్కువైంది. బెల్టు తట్టుకోలేదు."

"విన్నావుగా?" అన్నాడు భర్త.

"లెక్కపెట్టి ఇరవై నాలుగే వేశాను మామయ్యగారూ. హాస్టల్లో ముప్ఫై వేసేవాళ్ళట."

మామగారు తల ఎత్తలేదు. కుడిచెయ్యి జేబులోంచి తీయలేదు.

భర్త అక్కడే నిలబడి పాత సామాన్ల షాపుకి ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలాగే మాట్లాడాడు. రెండింటికి బండి పంపిస్తామన్నారని వినబడేలాగే చెప్పాడు.

"ఇప్పుడు పదకొండే కదా," అంది ఆమె. అని, తన ఫోన్ తీసి నట్టుకి చేసింది.

నట్టు అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో. మేస్త్రి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో పడ్డ పేరు, నలభై దాటినా వదల్లేదు. ఇప్పుడు సొంతంగా మెషీన్ల రిపేరు షాపు నడుపుతున్నాడు. వచ్చీ రాగానే షెడ్డు దగ్గరికెళ్ళి మేస్త్రికి దణ్ణం పెట్టి, ఆ తర్వాతే వెనకగదిలోకి వచ్చాడు.

మెషీన్ వెనక రేకు విప్పాడు. పైన డ్రమ్ముకున్న పెద్దచక్రం, కింద మోటారుకున్న చిన్న పుల్లీ, రెంటి మధ్యా ఉండాల్సిన బెల్టు తోలు ఊడిన తాడులా వేలాడుతోంది. పక్కల నుంచి పీచులు లేచాయి. మోటారు చుట్టూ నల్లటి పొడి.

"బెల్టు నాసిరకం చెల్లెమ్మా," అన్నాడు నట్టు వెంటనే. "ఈసారి మంచి కంపెనీది తెచ్చాను. అరగంటలో వేసేస్తా."

"పోయినసారి కూడా మంచి కంపెనీదే అన్నావు అన్నయ్యా."

నట్టు సంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. అతనికి కావలసిన స్పానరు చేతిలోనే ఉంది.

ఆమె వంగి పుల్లీని చూసింది. బెల్టు కూర్చునే గాడి అడుగున అద్దంలా మెరుస్తోంది.

"ఇదేంటి, ఇక్కడ ఇంత మెరుస్తోంది?"

"బెల్టు అడుగుదాకా దిగిపోయింది. అసలు బెల్టు గాడి గోడల్ని పట్టుకుని తిరగాలి, అడుగు తగలకూడదు. అరిగిపోయి దిగింది."

"ఎందుకరిగింది?"

నట్టు నీళ్ళు నమిలాడు. "అరుగుతాయమ్మా. అరగనిదేముంది ఈ లోకంలో."

ఇంత వేదాంతం నట్టు నోట ఆమె ఎప్పుడూ వినలేదు. మనిషి వంక చూసింది. నట్టు కళ్ళు కిటికీలోంచి షెడ్డు వైపు వెళ్ళి, దొంగతనం చేసినట్టు వెనక్కి వచ్చాయి.

ఆమెకి ఏదో తట్టింది. తట్టింది నిజమైతే ఏమవుతుందో కూడా ఆ వెంటనే తట్టింది. అయినా అలమరలోంచి చాక్‌పీస్ తీసింది. దుప్పట్ల మూటల మీద నంబర్లు వేసుకునే చాక్‌పీసే. నాలుగేళ్ళుగా పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ షెడ్డు కిటికీలోంచి ఆమె చూసిన పని ఒకటుంది. తిరిగే ముక్క సరిగ్గా మధ్యకి ఉందో లేదో తెలియాలంటే మామగారు దాని అంచుకి చాక్‌పీస్ ఆనిస్తాడు. చుట్టూ గీత పడితే సరిగా ఉన్నట్టు. ఒకవైపే పడితే ఆ వైపు ఎత్తు.

"అన్నయ్యా, మోటారు చేత్తో మెల్లిగా తిప్పు."

"ఎందుకమ్మా ఇప్పుడు అవన్నీ. టైమవుతోంది."

"తిప్పు."

భర్త గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతని వెనకే అత్తగారు.

ఆమె మోచెయ్యి మెషీన్ చట్రం మీద ఆనించి, ముందు పుల్లీ పక్కనున్న ఇరుసుకి చాక్‌పీస్ తాకించింది. నట్టు తిప్పాడు. ఇరుసు చుట్టూ సన్నటి తెల్లగీత, ఎక్కడా తెగకుండా పడింది. మోటారులో ఏ లోపం లేదు.

ఆ తర్వాత చాక్‌పీస్ పుల్లీ అంచు దగ్గరికి జరిపింది. నట్టు తిప్పలేదు.

"తిప్పరా," అన్నాడు భర్త. ఇప్పుడు అతనికీ తెలుసుకోవాలని ఉంది.

పుల్లీ ఒక చుట్టు తిరిగింది. తెల్లగీత సగందాకా వచ్చి ఆగిపోయింది. మిగతా సగం నల్లగా అలాగే ఉంది. రెండో చుట్టులోనూ అంతే.

"అంటే?" అన్నాడు భర్త.

నట్టు సంచీలోకి తల దూర్చాడు. ఆమే చెప్పాల్సి వచ్చింది. "పుల్లీకి రంధ్రం మధ్యలో లేదండీ. కొంచెం పక్కకి ఉంది. తిరిగినప్పుడల్లా బెల్టుని ఒకసారి లాగుతోంది, ఒకసారి వదులుతోంది. ఎన్ని బెల్టులు వేసినా ఇంతే."

"ఆ పుల్లీ చేసిందెవరో తెలిసే మాట్లాడుతున్నావా?" అంది అత్తగారు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఆయన చేతిపనికి వంకపెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదమ్మాయ్."

"నేను వంకపెట్టలేదు అత్తయ్యా. చాక్‌పీస్ పెట్టాను."

"రెండింటికీ తేడా ఏముంది?"

నలుగురూ ఆ సగం గీతను చూస్తూ ఉండిపోయారు. ఆ గీత నిజమని తేలితే మామగారి పరువు, తేలకపోతే తన పని. రెండిట్లో ఏదో ఒకటి ఈ గదిలోనే పోతుందని కోడలికి అర్థమైంది. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే చాక్‌పీస్ పట్టుకున్నదే తప్పవుతుందని బిగపట్టుకుంది.

పెరట్లో స్టూలు జరిగిన చప్పుడైంది.

మామగారు లోపలికి వచ్చాడు. ఎవరినీ చూడలేదు. పుల్లీ ముందు చతికిలబడి, "విప్పు," అన్నాడు. నట్టు స్క్రూ వదులు చేసి పుల్లీని లాగి, రెండు చేతులతో అందించాడు. అందుకోవడానికి మామగారు కుడిచెయ్యి జేబులోంచి తీశాడు.

ఆ చెయ్యి వణుకుతోంది. పుల్లీ అరచేతిలో పడ్డాక కూడా వణుకు ఆగలేదు. వేలి ఉంగరం ఇనుముకి తగిలి టకటకమని చప్పుడు చేస్తూనే ఉంది.

"ఇది రెండు బిగింపుల పని," అన్నాడు ఆయన.

నట్టు తల దించుకున్నాడు. ఆ మాట బరువు ఆ గదిలో అతనొక్కడికే పూర్తిగా తెలుసు. మేస్త్రి దగ్గర చేరిన ప్రతివాడూ మొదటిరోజు వినే పాఠం అది. ముక్కని లేత్ చక్‌లో, అంటే దాన్ని పట్టి ఉంచే దవడల్లో, ఒకసారి బిగించాక, మధ్య రంధ్రం, అంచు గాడి రెండూ అయ్యేదాకా విప్పకూడదు. విప్పి మళ్ళీ బిగిస్తే వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది, ఇక రంధ్రం నడిమధ్యన ఉండదు. ఈ పొరపాటు చేసినందుకు నట్టు ఒకప్పుడు వారం రోజులు వర్క్‌షాపు ఊడ్చాడు.

"రంధ్రం వేసేసరికి చెయ్యి పట్టు తప్పింది," అన్నాడు మామగారు పుల్లీతో చెబుతున్నట్టు. "అప్పుడే మీ అత్తయ్య భోజనానికి పిలిచింది. వెళ్ళకపోతే షెడ్డులోకి వస్తుంది. వస్తే చూస్తుంది. పని అయిపోయిందని చెప్పి ముక్క విప్పేశాను. మర్నాడు ఎవరూ లేనప్పుడు మళ్ళీ బిగించి గాడి తీశాను."

"అవును, రెండుసార్లు పిలిచాను," అంది అత్తగారు. ఆయన చేతి వైపే చూస్తూ మళ్ళీ అంది, "ఎప్పటినుంచి ఈ చెయ్యి?"

"ఏడాది."

"టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటుంటే కొత్త అలవాటనుకున్నాను."

ఆయన కోడలి వైపు తిరిగాడు గానీ కళ్ళెత్తి చూడలేకపోయాడు. "మొదటి బెల్టు పోయినప్పుడే నాకు తెలిసింది. లోడు ఎక్కువన్నాను. రెండోసారీ అదే అన్నాను. నువ్వు తిట్లు తింటుంటే స్టూలు మీద కూర్చుని విన్నాను. లోడు కాదమ్మా. ఎప్పుడూ కాదు."

ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. ఆరు నెలల మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. కానీ ఆ ఉంగరం చప్పుడు వింటూ ఎవరినైనా ఏమనగలరు.

అనగలిగినవాడు ఒకడున్నాడు. "నీ మాట పట్టుకుని ఆరు నెలలు తనని తిట్టాను నాన్నా," అన్నాడు భర్త. "తెలిసి కూడా నాచేత తిట్టించావు."

"తిట్టించాను."

ఆ ఒప్పుకోలు అతన్ని ఇంకా రెచ్చగొట్టింది. ఎదుటివాడు వాదిస్తే వాదించొచ్చు, తలవంచితే ఏం చేస్తాం. "అయితే ఇప్పుడేంటి? ఈ పుల్లీ బజార్లో దొరకదు. తప్పు ఎవరిదైనా ఆగింది ఆగిందే. రెండింటికి బండి వస్తుంది."

"ఎక్కువ కుక్కుతున్నానన్నారు కాబట్టి ఒప్పుకున్నాను," అంది ఆమె. "నేను కుక్కలేదు. ఆ ఒప్పందం నాకిప్పుడు లేదు."

"మాట మారుస్తున్నావా?"

"మీకు తెలిసింది మారింది. నేను మాట కూడా మార్చకూడదా?"

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె అతనికి ఇలా ఎదురుచెప్పడం ఎవరూ వినలేదు. అత్తగారు కోడలిని ఎగాదిగా చూసింది. ఆ చూపులో కోపం లేకపోవడం ఆవిడకే వింతగా ఉన్నట్టుంది.

మామగారు గోడ పట్టుకుని లేచాడు. "అదే కడ్డీలో మిగిలిన ముక్క షెడ్డులో ఉంది. జాగ్రత్తగా చేస్తే రెండు గంటల పని. బెల్టు వేసి, ఉతికి, ఈ ఎండకి ఆరేస్తే ఆరింటికి అందుతుంది."

"నేను చేస్తాను గురువుగారూ," అన్నాడు నట్టు.

"రెండుసార్లు బెల్టు మార్చావు. ఇవాళ్టితో కలిపి మూడుసార్లు ఈ లోపం చూశావు. ఒక్కసారి చెప్పావా?"

"మీ చేతిపనిని ఎలా అనను?"

"అందుకే వద్దంటున్నాను. ఇప్పుడైనా తప్పు జరిగితే నాకు చెప్పవు నువ్వు."

నట్టు ముఖం కందిపోయింది. మేస్త్రి షెడ్డు గుమ్మం పైనుంచి చక్ కీ తీశాడు. ముక్కని బిగించే ఇనుపతాళంచెవి అది, పిడి దగ్గర ఆయన బొటనవేలి గుర్తు పడేంతగా అరిగింది. అందరూ ఆయన వెనకే పెరట్లోకి వచ్చారు.

"ఇలా ఇవ్వు నాన్నా. నేను చేస్తాను," అన్నాడు కొడుకు, చెయ్యి చాపి.

ఎనిమిదేళ్ళప్పుడు నాన్న పనిచేసే చోట లేత్ ముట్టుకుని చేతి మీద దెబ్బ తిన్నాడు అతను. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇప్పుడు అడిగాడు.

మామగారు ఆ చేతిని చాలాసేపు చూశాడు. "నీ చెయ్యి ఇప్పుడు కోపంలో ఉందిరా. కోపంలో ఉన్న చెయ్యీ నా చెయ్యీ ఇవాళ ఒక్కలాంటివే." అని, కీ కోడలి చేతిలో పెట్టాడు. "నువ్వు చాక్‌పీస్ పట్టుకున్నప్పుడు కిటికీలోంచి చూశాను. నీ చెయ్యి కదల్లేదు."

ఆమె కీ పట్టుకుంది గానీ చూస్తున్నది భర్త చేతిని. అది ఇంకా గాల్లోనే ఉంది. అతను దాన్ని మెల్లిగా వెనక్కి తీసుకుని, జేబులో పెట్టుకున్నాడు. అచ్చం వాళ్ళ నాన్నలాగే. తర్వాత వీధి వైపు వెళ్ళిపోయాడు.

"నేను మెషీన్ దగ్గరుంటాను చెల్లెమ్మా," అన్నాడు నట్టు గొంతు సవరించుకుని. "ఈసారి నోరు తెరుస్తాను."

షెడ్డులో ఆమె ముక్కని చక్‌లో బిగించింది.

"ఇంకా బిగించు. ఇంకా. ఇప్పుడు కీ తీశావా? ముందు కీ తియ్యి, మర్చిపోతే ఎగిరి ముఖం మీదికి వస్తుంది. ఇక ఇక్కణ్ణుంచి రెండూ అయ్యేదాకా విప్పేది లేదు. ఎవరు పిలిచినా సరే. నేను వదిలేసి వెళ్ళాను, చూశావుగా."

"చూశాను మామయ్యగారూ."

చెక్కే టూల్ ఇనుముకి ఆనగానే చెవులు గింగురుమన్నాయి. తర్వాత మెల్లగా చేతికి లయ తెలిసింది. ఆయన వెనక నిలబడి, ఆ కాస్త, ఇంకాస్త, చాలు, అంటున్నాడు. రంధ్రం అయింది. చాక్‌పీస్ ఆనిస్తే చుట్టూ తెల్లగీత తెగకుండా పడింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. గాడి మొదలుపెట్టారు.

రెండు కాకుండానే వీధిలో హారన్ మోగింది.

గేటు గొళ్ళెం తీసిన చప్పుడు. బండి చక్రాలు లోపలికి వచ్చి పెరటి గోడ పక్కన ఆగాయి. చెక్కపలక నేల మీద పడింది. బరువైన సామాను ఎక్కించడానికి వేసే పలక.

"ముందు లోపలి నీళ్ళు వదిలెయ్యాలండీ, లేకపోతే లేవదు," అంటోంది ఎవరిదో గొంతు.

"ఆగండి, ఆ మెషీన్ ముట్టుకోవద్దు," అంటున్నాడు నట్టు. ఇంకేదో అన్నాడు గానీ లేత్ మోతలో కలిసిపోయింది.

ఆ తర్వాత భర్త గొంతు. "ఒకసారి ఇటు రా."

పంపించేయడానికి పిలుస్తున్నాడా, అప్పగించేయడానికి పిలుస్తున్నాడా, ఆ గొంతులో తెలియలేదు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఆపకు," అన్నాడు మామగారు.

"నిన్నే. రమ్మంటున్నానా?" రెండోసారి పిలిచాడు, ఇంకా దగ్గర్నుంచి.

షెడ్డు బయట మామగారి స్టూలు మీద కూర్చున్న అత్తగారు లేచింది. ఒకప్పుడు ఇదే షెడ్డు వైపు చూసి భోజనానికి రెండుసార్లు పిలిచిన మనిషి, ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా, రెండు చేతులూ రెండు వైపులా ఆనించి నిలబడింది.

"పనిలో ఉంది," అంది కొడుకుతో. "ఇప్పుడు రాదు."

అవతల కాలవలోకి సబ్బునీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు మొదలైంది. ఎవరు వదిలారో చూడాలంటే కోడలు లేత్ వదిలి రావాలి. గాడి ఇంకా సగమే పడింది. ఆమె టూల్‌ని ఇంకాస్త ముందుకి జరిపింది.